మోకాళ్ల మర్యాద

ఆ రోజు మా బావగారికి మటోకే అనే అరటికాయ ముద్ద, వేరుశనగ పులుసు వడ్డించి, ఉగాండాలోని మా బుగాండా ఆడవాళ్లందరిలాగే మోకాళ్ల మీద కూర్చుని "దయచేయండి" అన్నాను. అంతదాకా బాగానే ఉంది. లేవడానికే కాళ్లు రాలేదు. తూలి ఆ పులుసులోనే పడ్డాను.

"చదువుకున్న పిల్ల కదా, మోకాళ్లు వంగవులే" అంది మా అత్తగారు. నేల తుడిచింది నేనే, పాకుతూ.

అప్పటికి నెలలుగా నడుము నొప్పి. నా మొగుడు కియింబా, మందుల షాపు నుంచి బిళ్లలు తెచ్చి పడేసేవాడు. "ఇద్దర్ని కన్నావు, నడుము నొప్పి రాకేం చేస్తుంది?" అనేవాడు. నా నొప్పి గురించి నాకే పాఠం చెప్పే మహానుభావుడు! నీళ్ల డబ్బాలు మాత్రం నేనే మోయాలి. పెద్దలంతా కూర్చుని రోగం పేరు పొగరని తేల్చారు. పెళ్లికి ముందు మాకు కాపురం నేర్పేది మేనత్త. నేర్చింది మరిచిపోయానట, మళ్లీ నేర్పమని మా మేనత్త నాముసిసికి కబురు పెట్టారు.

"వంగవే నాలుబేగా, వంగితే అరిగిపోతావా?" అంటూ ఆవిడ నన్ను బొగ్గుల కుంపటి పక్కన మోకాళ్ల మీద కూర్చోబెట్టింది. లేవబోయి వెనక్కి వాలాను. కాలిన వాసన వచ్చింది. ఏం మాడుతోందా అని నేనూ చుట్టూ చూశాను.

"నీ పాదమేనే తల్లీ!" అని కేక పెట్టి మేనత్త నన్ను ఇవతలికి లాగింది. నాకేమీ తెలియలేదు. ఆవిడ ఇంకేం నేర్పలేదు. నా మొగుణ్ణి నాలుగు తిట్టి, ఇద్దర్నీ కంపాలా బస్సెక్కించింది.

అక్కడి పెద్దాసుపత్రిలో డాక్టర్ బిరుంగి నా పాదాల మీద సూదితో గుచ్చి చూసింది. స్కాన్ తీయించింది. "వెన్నుపాము లోపల గడ్డ. ఇలాంటిది మేం చూసేదే అరుదు. తియ్యకపోతే కాళ్లు పోవడం ఖాయం. తీసేటప్పుడు కూడా పోవచ్చు" అంది.

కియింబా గొంతు సవరించుకున్నాడు. "ఆపరేషన్ అయ్యాక మోకాళ్ల మీద కూర్చోగలదా డాక్టరమ్మా? మా చెల్లెలి నిశ్చితార్థం ఉంది. ఇంటినిండా పెద్దలుంటారు."

ఛీ! నడుస్తుందా అని కాదు. బతుకుతుందా అని కూడా కాదు. ఈ మనిషికా నేను ఇన్నేళ్లు వండిపెట్టింది?

డాక్టరమ్మ నావైపు తిరిగి, "నువ్వేమంటావు?" అంది. ఆ మాట నన్నెవరూ అడిగి ఎరగరు.

"చెయ్యండి. నా కాళ్లు నాక్కావాలి."

"మా అన్నయ్యను అడక్కుండానా?" అన్నాడు కియింబా.

"ఆయన వెన్నులో గడ్డ లేస్తే అడుగుదురుగాని."

వీపు కోసి, సూక్ష్మదర్శినిలో చూస్తూ, నరాలు తెగకుండా గడ్డను కొంచెం కొంచెంగా ఊడదీశారట. మెలకువ రాగానే బొటనవేలు కదపమంది డాక్టరమ్మ. కదిలింది. భోరున ఏడ్చాను.

తర్వాత కొన్నాళ్లు గోడ పట్టుకుని నడక. కసరత్తు చేయించే అమ్మాయి ఒకరోజు చాప పరిచి, మోకాళ్ల మీద కూర్చుని లేవమంది. కూర్చున్నాను. ఎదురుగా ఎవరూ లేరు, ఒట్టి గోడ. దేన్నీ పట్టుకోకుండా లేచాను.

గుమ్మంలో నుంచి కియింబా చప్పట్లు కొట్టాడు. "హమ్మయ్య, వంగుతున్నావు! ఆదివారం అమ్మనూ అన్నయ్యనూ భోజనానికి రమ్మంటాను."

"రమ్మనండి" అన్నాను. "నిలబడే పలకరిస్తాను."