ఆ గదిలో అనని మాట

"కాఫీ నువ్వు కలిపితేనే బాగుంటుంది నెల్డా," అన్నాడు రాయ్స్ టాలీ, గిటారు తీగలు బిగించుకుంటూ, తల ఎత్తకుండానే.

బాగుండడానికి అందులో ఏముంది. పొడి, నీళ్ళు, మీట. అయినా ఏళ్ళ తరబడి ఆ గదిలో కాఫీ పని నెల్డాదే. నాష్‌విల్‌లో పాటల కంపెనీలన్నీ వరసగా ఉన్న వీధిలో ఒక పాత ఇంటి మేడమీది గది అది. ఒక సోఫా, రెండు కుర్చీలు, బల్లమీద టేపు రికార్డరు. పొద్దున పదింటికి ముగ్గురు లోపలికి పోయి తలుపేసుకుంటారు. సాయంత్రానికి, పల్లెల బాణీలో గిటారు మీద పాడే ఒక కంట్రీ పాటతో బయటికి వస్తారు. కాగితం మీద రాసేది కూడా నెల్డాయే. "నీ దస్తూరీ ముత్యాల్లా ఉంటుంది" అంటారు. ఆమె తల వంచుకుని రాస్తుంటే మిగతా ఇద్దరూ కాళ్ళు బారజాపి పైకప్పు చూస్తూ ఆలోచిస్తారు. సగం మాటలు ఆమెవే అయినా, తలుపు తీసి చూసినవాళ్ళకు మాత్రం ఇద్దరు కవులూ, ఒక గుమాస్తా కనబడతారు.

ఇవాళ మూడో మనిషి డ్వేన్ కాట్రెల్. పాడేది అతనే. ఊళ్ళో అందరికీ తెలిసిన గొంతు, అందరికీ తెలిసిన టోపీ. మర్యాదస్తుడు. "నెల్డా గారూ" అనే పిలుస్తాడు, ఆమె చెప్పేది మాత్రం రాయ్స్ వంక చూస్తూ వింటాడు.

"'వెచ్చని కాలరు' లాంటిది ఇంకొక్కటి కావాలి నెల్డా గారూ. ఆల్బంలో ఒక్క పాటకే చోటు మిగిలింది."

"మీ అమ్మ దగ్గర ఇంకేమన్నా ఉందేమో చూడు," అన్నాడు రాయ్స్, కొట్లో పై అర వెతకమన్నట్టు.

నెల్డా వాళ్ళమ్మ పోయి నెల కూడా కాలేదు.

'వెచ్చని కాలరు' ఈ గదిలోనే పుట్టింది. పొద్దున్నుంచీ ఏమీ తోచక ముగ్గురూ విసిగిపోయిన రోజున నెల్డా ఊరికే మాటవరసకి చెప్పింది. నాన్న పోయింది నడిచలికాలంలో. శవపెట్టెలో పడుకోబెట్టే ముందు ఆయనకు వెయ్యాల్సిన చొక్కాని అమ్మ ఇంట్లోనే ఇస్త్రీ చేసింది. అది చాలక ఇస్త్రీపెట్టె చంకన పెట్టుకుని శవాన్ని ఉంచిన చోటికి వచ్చి, అక్కడ కాలరు మళ్ళీ వేడిచేసింది. "ఆయన మెడకి చల్లగా తగిలితే గిట్టదు" అంది. అంతే. రాయ్స్ లేచి కిటికీ మూశాడు, ఆ మాట బయటికి పోతుందేమోనన్నట్టు. చీకటి పడకముందే పాట అయిపోయింది. ఆ రోజు కూడా గదిలో ఉన్న డ్వేన్ చేసిందల్లా నీలం చొక్కాని తెల్లచొక్కాగా మార్చడం. దాంతో అతనూ ఒక రచయితే. గదిలో ఎవరుంటే వాళ్ళంతా సమానం. ఆ నాలుగు గోడల మధ్య పడిన మాటని మళ్ళీ ఏరుకుని ఇంటికి పట్టుకుపోవడం కుదరదు, తోచిన మాటని చెప్పకుండా దాచుకోవడమూ కుదరదు. ఈ కట్టుబాటు ఎవరూ రాసిపెట్టలేదు, ఎవరూ దాటరు. ఒకాయన దాటాడు. ఆ తర్వాత ఆయనతో ఒక్కరూ గదిలో కూర్చోలేదు.

పాట దేశమంతా మోగింది. రేడియోవాడు డ్వేన్ పేరు చెప్పేవాడు, పాట పేరు చెప్పేవాడు, వెంటనే టైర్ల కొట్టు ప్రకటన చదివేవాడు. అత్తగారు ఓలీటా ఒకసారి అందరి ముందూ అడిగింది: "నీ పేరెప్పుడూ చెప్పరేమే? నిజంగా నువ్వే రాశావా, లేక వాళ్ళు చెప్తుంటే రాసి పెట్టావా?" మొగుడు వెండెల్ నవ్వాడు. "తలుపేసుకుని కబుర్లు చెప్పుకోవడం కూడా పనేనటమ్మా. పొద్దున్నుంచీ బస్సు తోలే నేనేమో తెలివితక్కువవాణ్ణి." నెల్డా కూడా నవ్వింది. నవ్వకపోతే ఓర్వలేకపోయిందంటారు.

ఒక సాయంత్రం టీవీలో డ్వేన్ కళ్ళు తుడుచుకుంటూ చెప్పాడు, ఇది మా నాయనమ్మ కథ అని. కాసేపటికే కొండల్లోని ఊరి నుంచి అమ్మ ఫోను.

"నెల్డా, ఆ పిల్లాడి నాయనమ్మ కూడా ఇస్త్రీపెట్టె మోసుకెళ్ళిందటే?"

"అవునమ్మా."

"పాపం," అని ఊరుకుంది అమ్మ.

ఆ పాపం ఎందుకో నెల్డాకి అప్పుడు అర్థం కాలేదు. అమ్మ చివరి రోజుల్లో, ఆసుపత్రిలో తెలిసింది. పక్కమంచం వాళ్ళ రేడియోలో ఆ పాటే వస్తోంది. నర్సు దిండు సర్దుతూ, "మీ అమ్మాయి చెప్పింది, ఈ పాట మీ గురించేటగా, ఎంత ప్రేమండీ ఆయనంటే మీకు" అని పోయింది. అమ్మ పైకప్పు చూస్తూ అంది.

"ప్రేమా? కాలరు చల్లగా ఉంటే చొక్కా తీసి నా మొహాన కొట్టేవాడే. పెట్టెలో పెట్టాక కూడా లేచి అరుస్తాడేమోననే అక్కడ మళ్ళీ వేడిచేశాను. పాటలో నువ్వేం రాశావో నాకు తెలీదు పిల్లా. నాది మాత్రం భయం."

అదే ఆఖరి మాట. మర్నాడే పోయింది.

అప్పట్నుంచి నెల్డా తనని తాను తిట్టుకుంటూనే ఉంది. ఆ ఇంట్లోనే కదా పెరిగింది. ప్రతి ఉదయం అమ్మ చొక్కాని అందించే ముందు కాలరు తన చెంపకి ఆనించుకుని చూసేది. ఎంత ముద్దుగా పట్టుకుంటుందో అనుకునేది చిన్నప్పుడు. ఆనించుకున్నాక అమ్మ మొహం ఎలా ఉండేదో మాత్రం చూడలేదు. చూడనిదాన్ని పట్టుకుపోయి మూడు నిమిషాల పాట చేసింది. పెళ్ళిళ్ళలో ఆ పాట పెట్టుకుని కొత్తజంటలు నాట్యం చేస్తున్నారు. ఎవరో అమ్మాయి ఉత్తరం రాసింది, నేను కూడా మా ఆయనని అలాగే చూసుకుంటానని.

"మీ అమ్మ పోయేముందు ఏదో ఒకటి అనే ఉంటుంది," రాయ్స్ అడుగుతున్నాడు. "గుర్తు తెచ్చుకో తల్లీ."

"ఒక్క మాట చాలండీ," అన్నాడు డ్వేన్, రాయ్స్ వంక చూస్తూ. "మిగతాది అల్లుకుందాం."

కంపెనీ పెద్దమనిషి మొన్ననే చెప్పాడు, ఈ ఆల్బంలో నీ పాట పడితే నీ ఉద్యోగం ఉంటుంది, పడకపోతే ఇక నా చేతుల్లో లేదు అని. మాట నాలిక చివర ఉంది. ఇవ్వడం అలవాటైన మనిషి. ఇస్తే ఏమవుతుందో కూడా ఆమెకి తెలుసు. కిటికీ మూస్తారు. ఆ తర్వాత రాయ్స్ గొంతు సవరించుకుని, అద్భుతం, కాని భయమంటే రేడియోవాళ్ళు వెయ్యరు, బెంగ అందాం అంటాడు. భోజనం వేళకి అది బెంగ. మూడింటికి ప్రేమ. సాయంత్రానికి అమ్మ మళ్ళీ ఆ ఇస్త్రీపెట్టె దగ్గరే నిలబడి ఉంటుంది, ఈసారి నవ్వుతూ. అదంతా తన ముత్యాల దస్తూరీతో తనే రాస్తుంది.

"ఏమీ అనలేదు," అంది నెల్డా.

"ఏమీ?"

"నిద్రలో పోయింది."

రాయ్స్ చెయ్యి తీగల మీద ఆగింది. ఆమె ఎప్పుడు అబద్ధమాడుతుందో పోల్చుకోలేనంత కొత్తవాడు కాదు.

"గదిలో దాచుకుంటున్నావు నెల్డా."

ఆ వీధిలో మనిషిని అంతకంటే పెద్ద మాట అనరు.

"అవును," అంది.

"దాచుకునేవాళ్ళతో ఎవరూ కూర్చోరు. నీకు తెలీదని కాదు."

"తెలుసు." కలానికి మూత పెట్టి తెల్లకాగితాల మీద ఉంచింది. ఆ కట్టని డ్వేన్ ఒళ్ళోకి జరిపింది. అతను దాన్ని, ఎవరో చంటిపిల్లని ఇచ్చినట్టు, ఎలా పట్టుకోవాలో తెలియక పట్టుకున్నాడు.

ఆమె తలుపు దాకా వెళ్ళాక రాయ్స్ వెనకనుంచి అరిచాడు. "పోతే పోయావుగాని, బార్బెక్యూ కొట్టుకి ఫోను చేసి మా ఇద్దరికీ భోజనం చెప్పి పో!"

"నంబరు గోడమీద ఉంది," అని మెట్లు దిగింది నెల్డా.

ఇంటికి పోయి, అంట్లు అలాగే వదిలేసి, గిటారు తీసుకుని వంటింటి బల్ల దగ్గర కూర్చుంది. ఒంటరిగా పాట కట్టి ఎన్నేళ్ళయిందో. ఒక పాదం అనగానే ఎవరో సరేననాలని చెవి ఎదురుచూసింది. ఎవరూ అనలేదు. బెంగ అనే మాట రెండుసార్లు తోసుకువచ్చింది, రెండుసార్లూ నెట్టేసింది. భయం అనే మాట దగ్గర రాగం కుంటింది. కుంటనీ అని వదిలేసింది. పల్లవి, ఒక చరణం అయ్యేసరికి మెడ పట్టేసింది, వేళ్ళు మండుతున్నాయి.

మధ్యాహ్నం బస్సు తిప్పడానికి పోయే ముందు వెండెల్ తినడానికి వచ్చాడు. "పొయ్యిమీద ఏమీ లేదేం?" అని గుమ్మంలో నిలబడ్డాడు. ఆమె ఆపలేదు. మొదటి చరణం చివరిదాకా విన్నాడు. టోపీ తీశాడు.

"రాయ్స్ రాశాడా?"

"కాదు."

"మరి ఎవరెవరు?"

"నేనొక్కదాన్నే."

అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "మీ నాన్న గురించా?"

"కాదు, మా అమ్మ గురించి," అని నెల్డా రెండో చరణం ఎత్తుకుంది.