గాలి స్క్రూ మీద ఎర్రగుర్తు

ఊటీ నుంచి క్యారెట్ మూటలు తెచ్చే లారీ కింద నగరంలోని మార్కెట్లో సరుకు దించి, కాటన్‌పేటలో మా మెకానిక్ షెడ్డు ముందు ఆగింది. దాంట్లోంచి మా ఏటీవీని కిందికి దించారు. నాలుగు లావు చక్రాలు, మోటారుసైకిలు హ్యాండిలు ఉన్న కొండదారి బండి అది. దారిలో వాన పడిందట. డ్రైవరెవరో కానీ దాని సీటుకు గోనెపట్టా చుట్టి ఉంచాడు. అడక్కుండానే ఆ పని చేసినందుకు అతనికి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

లారీలోంచి శామ్యూల్ కుంటుకుంటూ దిగాడు. మా షెడ్డు పక్కనే చాలా ఏళ్ళు కూరగాయల కొట్టు నడిపి, ఇప్పుడు ఊటీ పైన క్యారెట్ తోట గుత్తకు తీసుకున్నాడు.

"నీ బండి నువ్వే పెట్టుకోన్నా," అన్నాడు.

"ఏమైందప్పా?"

"కొండెక్కితే సాలు, ముసిలోని మాదిరి దగ్గుతా ఉండాది. నల్లపొగ. మా ఇంట్లోది దుప్పట్లు ఆరేసింటే అన్నీ మసి. మళ్ళా ఉతికించింది, అదీ నాతోనే."

నేను బటన్ నొక్కాను. ఒక్క నొక్కుకే ఇంజన్ అందుకుంది. నెమ్మదిగా, సమంగా, ఎక్కడా తొట్రుపడకుండా.

శామ్యూల్ నోరు తెరిచాడు. "చూడు దీని వేషాలు! పుట్టింటికొస్తానే ఎట్ల నవ్వుతా ఉండాదో!"

నాకు నవ్వు రాలేదు. ఆ చప్పుడు విని నెల దాటింది.

ఈ షెడ్డు నా భార్య భారతిది. నేను టెలిఫోన్ ఆఫీసులో కూర్చుని పనిచేస్తే, తను ఇక్కడ స్కూటర్లు, లగేజీ ఆటోలు విప్పి బిగించేది. సెలవురోజుల్లో తన పక్కన కూర్చుని నేనూ కొంత పని నేర్చుకున్నాను. ఆనేకల్ దగ్గర మూతపడిన రిసార్టు నుంచి ఈ ఏటీవీని తుక్కు కింద తెచ్చి మళ్ళీ ప్రాణం పోసింది. ఆ పని చివరి రోజున, పెట్రోలునూ గాలినీ కలిపే కార్బురేటర్ పక్కన ఉన్న గాలి స్క్రూను తిప్పుతూ, చెవి ఒగ్గి విని, "ఆ, ఇదీ," అంది. స్క్రూ మీదా, దాని అంచు మీదా కలిసేలా తన ఎర్రటి గోళ్ళరంగుతో ఒక గీత గీసింది. తను చేతులారా సరిచేసిన ఆఖరి బండి ఇదే. ఆ వానాకాలంలోనే పోయింది.

బండిని శామ్యూల్‌కు ఇచ్చింది నేనే. నాకు నడపడానికి తోవ లేదు. అతనికి వాలు తోట ఉంది, అరిగిపోయిన మోకాళ్ళు ఉన్నాయి. ఇది నడవకపోతే తోట వదిలేసి రావాల్సిందే.

ప్లగ్ విప్పి చూశాను. మసి గడ్డకట్టి ఉంది.

"బండిలో తప్పేమీ లేదప్పా. పైన గాలి పలచన. ఇదేమో ఇక్కడ తాగినంత పెట్రోలే అక్కడా తాగుతోంది. దాన్ని తగ్గించాల."

"వద్దులేన్నా. ఇక్కడ బాగానే ఉండాది కదా, ఉండనీ. నేను ఇంకేమన్నా చూసుకుంటా."

సరేనంటే సరిపోయేది. బండి నా దగ్గరే ఉండేది, చప్పుడూ మారకుండా ఉండేది. అతని మోకాళ్ళ వైపు చూసి, బండి విడిభాగాలు దొరికే జె.సి. రోడ్డుకు బయల్దేరాను.

పెట్రోలు వచ్చే జెట్ అంటే శనగగింజంత ఇత్తడి ముక్క. పాతది తీసి, ఇంకా సన్న రంధ్రం ఉన్నది బిగించాను. ఇక గాలి స్క్రూ మిగిలింది. దాన్ని బయటికి తిప్పితే గాలి ఎక్కువ వస్తుంది. స్క్రూడ్రైవర్ గాడిలో పెట్టాను. చేయి కదల్లేదు.

శామ్యూల్ ఆ గీత వైపు చూశాడు. "కాఫీ తెస్తాన్నా," అని వెళ్ళాడు. హోటలు ఎదురుగానే ఉన్నా చాలాసేపు రాలేదు.

తిప్పాను. ఎర్రగీత రెండు ముక్కలైంది.

అతను గ్లాసులతో వచ్చేసరికి ఇంజన్ టపటపా పేలుతూ, ఉన్నట్టుండి ఎగసిపడుతూ ఉంది. ఆపేశాను.

"అయిపాయె! ఉండే పానం కూడా తీసేసినావు."

"ఇక్కడ ఇట్లే ఉంటుంది."

"పైన?"

"బాగుండాల. ఇక్కడుండి చూసే దారి లేదు. నువ్వు దీన్ని ఇక్కడ నడపొద్దు, లారీలోకి తోసే ఎక్కించు."

లారీ వెళ్ళిపోయాక షెడ్డు ముందు బండి నిలబడిన చోటు ఖాళీగా మిగిలింది. బండిని దించినప్పుడు లారీలోంచి జారిన క్యారెట్ ఒకటి అక్కడ పడి ఉంది. కడుక్కుని తిన్నాను. తియ్యగా ఉంది.

మర్నాడు ఫోన్ మోగింది.

"పొగ లేదన్నా! ఎక్కతా ఉండాది! కానీ నిలబెడితే రవంత వణుకుతా ఉండాది."

"ఫోన్ ఇంజన్ దగ్గర పెట్టు. స్క్రూ మెల్లగా లోపలికి తిప్పు. ఇంకొంచెం... ఎక్కువైంది, వెనక్కి... ఆఁ, అక్కడే. ఆపు."

అదే చప్పుడు. నెమ్మదిగా, సమంగా. భారతి "ఆ, ఇదీ" అన్నప్పుడు విన్నదే. స్క్రూ వేరే చోట ఉంది, చప్పుడు మాత్రం అదే.

"మా ఇంటిదాని దగ్గర గోళ్ళరంగు ఉండాది. ఈడ గుర్తు పెట్టమంటావా?"

"పెట్టు. పాతది చెరపొద్దు."

"చెరపను. సరే, ఆఫ్ చేస్తా. పెట్రోలు దండగ."

"కొంచెంసేపు ఉండనీప్పా."

అతను ఇంజన్ ఆపలేదు. ఫోన్ సీటు మీదే పెట్టేసి, మూటలు కట్టుకోవడానికి వెళ్ళాడు.