మూడో మంచం మీది అల

మాకు పెళ్లయి పంతొమ్మిది రోజులు. ఆయన నాకన్నా ముందు లేచి కాఫీ కలిపి, చక్కెర మరిచిపోయి, నా మొహం చూసి పగలబడి నవ్వే రోజులు. ఆసుపత్రికి నవ్వుకుంటూనే వెళ్లేదాన్ని, ఐసీయూలో మూడో మంచం మీద మా మామయ్య ఉన్నా సరే. కోలుకుంటున్నారు కదా!

మామయ్య మణికట్టు ధమనిలో సన్నని గొట్టం పెట్టారు. అందులోంచి వచ్చే ఒత్తిడి తెర మీద అలలా కదులుతుంది. ఆ అల ఆకారాన్ని బట్టి, గుండె నిమిషానికి ఎన్ని లీటర్ల రక్తం తోస్తోందో యంత్రం అంచనా కడుతుంది. ఆ యంత్రాలు చూసే టెక్నీషియన్ని నేనే.

"ఏమ్మా, నా గుండె బొమ్మ బాగా గీస్తోందా?" అన్నారు మామయ్య ఆ పొద్దున.

"మీ అబ్బాయి చేతిరాత కన్నా నయం మామయ్యా."

"వాడిదీ ఒక రాతేనా!" అని నర్సు వైపు తిరిగి, "మా కోడలుండగా నాకేం భయం?" అన్నారు.

డ్యూటీ ఎక్కగానే గొట్టంలోకి సెలైన్ ఒక్కసారి జోరుగా వదిలి ఆపాలి. తెర మీద గీత పైకి లేచి, దిగి, ఒకటి రెండు సార్లు ఊగాలి. ఊగకపోతే లోపల గాలి బుడగ ఉన్నట్టు. ఇక ఆ అలను నమ్మకూడదు. అప్పుడే మా ఆయన గుమ్మం దగ్గరికొచ్చి చెయ్యి ఊపారు. చొక్కా గుండీలన్నీ ఒక కాజా తప్పించి పెట్టుకున్నారు. సరిచేసి వచ్చేసరికి అల నున్నగా, ముద్దుగా ఉంది. నాకు నచ్చింది. పరీక్ష చెయ్యలేదు.

నిన్న నాలుగున్నర లీటర్లున్న అంకె రెండు పాయింట్ తొమ్మిదికి పడిపోయింది.

"ఒంట్లో ద్రవం చాలట్లేదు. సెలైన్ ఎక్కించండి," అన్నారు డాక్టర్. ఒక సీసా అయింది. అంకె కదల్లేదు. రెండోది. మూడోది.

మధ్యాహ్నానికి మామయ్య గొంతులో గురగుర మొదలైంది. "అమ్మాయ్, గాలి ఆడట్లేదు," అన్నారు.

అప్పుడు చూశాను అలని. గుండె కవాటం మూసుకున్నప్పుడు దిగే గీత మీద పడాల్సిన చిన్న నొక్కు లేదు. సెలైన్ జోరుగా వదిలి ఆపాను. గీత లేచింది, దిగింది, ఊగలేదు. గొట్టం అతుకు దగ్గర ఆవగింజంత బుడగ. దాన్ని బయటికి తోసేశాను. అల నిటారుగా లేచింది. అంకె ఐదుకి చేరింది. రక్తం పొద్దుట్నుంచీ బాగానే పారుతోంది. మేమే ఆయన ఊపిరితిత్తులను నీళ్లతో నింపాం.

వెంటిలేటర్ పెట్టారు. నీరు తీసే మందులు ఇచ్చారు. నాలుగింటికి గుండె ఆగిపోయింది.

వరండాలో అత్తయ్య నా చెయ్యి పట్టుకున్నారు. "నువ్వు పక్కనే ఉన్నావు. అంతే చాలు తల్లీ."

"ఊరుకో, నువ్వేం చేస్తావు?" అన్నారు మా ఆయన నా తల నిమురుతూ.

ఊరుకుంటే సరిపోయేది. బుడగ సంగతి డాక్టర్‌కి చెప్పాను కానీ, వీళ్లకెవరూ ఇంకా చెప్పలేదు.

"పొద్దున నేనొక పరీక్ష చెయ్యాల్సింది అత్తయ్యా. చెయ్యలేదు. అందుకే అంకె తప్పు చూపించింది. అందుకే అన్ని సీసాలు ఎక్కించారు."

అత్తయ్య నా వైపు తిరిగారు. "ఎంతసేపు పడుతుంది ఆ పరీక్షకి?"

"అర నిమిషం."

నా చెయ్యి వదిలేశారు. మా ఆయన చెయ్యి ఇంకా నా తల మీదే ఉంది, కానీ నిమరడం ఆగిపోయింది.