అయిదూ నలభై ఒకటికి అస్తమయం

రోజూ పొద్దున్న ఎనిమిదిన్నరకి వాతావరణ కార్యాలయం పరిశీలకుడు డాబా ఎక్కేవాడు. థర్మామీటరు చూసి, వాన నీళ్ళ గిన్నె ఒంపి కొలిచి, మబ్బుల్ని ఒకసారి పలకరించి, కిందికి దిగి రిజిస్టరులో రాసేవాడు. సాయంత్రం అయిదున్నరకి మళ్ళీ అదే పని. వచ్చే నెల రిటైరవుతున్నాడు. "ముప్పై ఏళ్ళలో ఒక్క పూట తప్పలేదు" అని అడిగిన వాళ్ళకీ, అడగని వాళ్ళకీ చెప్పుకునేవాడు.

ఆ రిజిస్టర్లన్నీ కింద రికార్డు గదిలో ఉండేవి. ఆ గది గుమస్తా నడివయసు మనిషి, మాటలో కాస్త కారం ఉన్న ఆవిడ. ఆవిడ బల్ల పక్కన కొక్కేలకి నాలుగు గొడుగులు, రెండు తువ్వాళ్ళు, ఒక ఉన్ని కోటు వేలాడుతుండేవి. పాత పేజీలో గంటకొకటి చొప్పున అచ్చేసిన గడుల్లో ఒకదాని మీద వేలు పెడితే, ఆ గంట వాతావరణం గదిలోకి వచ్చేస్తుంది మరి. ఒక్కో గడి ఒక్కసారే పనిచేస్తుంది కాబట్టి ఆవిడ పొదుపుగా వాడేది. కిందటి వారం కర్టెన్లు ఆరకపోతే మాత్రం ఒక మండువేసవి మధ్యాహ్నాన్ని తీసి ఆరేసుకుంది. పై అధికారి సంతకం తీసుకునే లెండి.

ఆ బుధవారం కళ్ళజోళ్ళ షాపాయన వచ్చాడు. ఆయన వెనకే, పది అడుగుల ఎడంగా, ఆయన షాపుకి ఎదురుగా లాండ్రీ నడిపే ఆవిడ వచ్చింది. ఇద్దరూ యాభై దాటినవాళ్ళే, ఇద్దరూ పెళ్ళి చేసుకోనివాళ్ళే. ఇరవై ఆరేళ్ళుగా ఇద్దరి మధ్యా మాటల్లేవు. ఎదురెదురు షాపుల్లో కూర్చుని మాట్లాడుకోకుండా ఉండాలంటే ఎంత ఓపిక కావాలో ఆలోచించండి.

"ఇరవై ఆరేళ్ళ కిందటి అక్టోబరు ఇరవై మూడు కావాలండి" అన్నాడాయన.

"ఎందుకో కూడా చెప్పమనండి" అంది లాండ్రీ ఆవిడ, గుమస్తాతో.

ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు. "సూర్యుడు కుంకేలోపు పార్కు బెంచీ దగ్గరికి రమ్మంది ఈవిడ. వస్తే పెళ్ళి మాట, రాకపోతే మళ్ళీ మొహం చూడనంది. నేను అయిదూ ముప్పై ఆరుకి వెళ్ళాను, వాచీ చూసుకున్నాను. బెంచీ ఖాళీ."

"సూర్యుడు కుంకాకే లేచానని చెప్పండి ఆయనకి. చీకటి పడిపోయింది. నా చెయ్యి నాకే కనబడలేదు."

"ఇన్నేళ్ళూ ఊరుకుని ఇప్పుడెందుకండీ?" అంది గుమస్తా.

"ఆదివారం ఈవిడ షాపు మూసేసి వాళ్ళ చెల్లెలి ఊరు వెళ్ళిపోతోంది" అన్నాడాయన. "లారీ కూడా మాట్లాడేసింది. వెళ్ళేలోపు నేను వచ్చానని తెలియాలి కదండీ."

గుమస్తా రిజిస్టరు దించి, దుమ్ము దులిపి చదివింది. "సూర్యోదయం ఆరూ మూడు. అస్తమయం అయిదూ నలభై ఒకటి. పగలు పదకొండు గంటల ముప్పై ఎనిమిది నిమిషాలు. సాయంత్రం ఆకాశం నిర్మలం, వాన లేదు."

ఆకాశం నిర్మలమైతే అయిదూ నలభై ఒకటికి ముందు చీకటి పడే ప్రశ్నే లేదు. అంటే ఆవిడ ఎండ ఉండగానే లేచి వెళ్ళిపోయిందన్నమాట. ఆ రోజు వాచీ తప్ప ఇంకేమీ గుర్తులేని ఆయన మొహం వాడిపోయింది.

"నేను అబద్ధం ఆడానంటారా?" అంటూ లాండ్రీ ఆవిడ చేతిసంచీ అందుకుని లేచింది. "ఆదివారం దాకా ఎందుకు, రేపే పోతాను."

"ఆగండమ్మా" అంది గుమస్తా. సాయంత్రం వరస సిరా, పొద్దుటి వరస సిరా ఒక్కలాగే, ఒకే పూట రాసినట్టు ఉండడం ఆవిడ కంట పడింది. "రాత సంగతి తర్వాత. రోజునే చూద్దాం."

ఇంతసేపూ గుమ్మంలో నిలబడి వింటున్న పరిశీలకుడు గబగబా లోపలికొచ్చాడు. "ఎందుకండీ పాత పేజీలు పాడుచేసుకోవడం? నేను రాశానుగా!"

గుమస్తా అప్పటికే అయిదు గంటల గడి మీద వేలు పెట్టేసింది.

మొదట చల్లగాలి వచ్చి కాగితాలు లేపింది. కాసేపటికి సీలింగు కింద మబ్బు కమ్మి, గది కటిక చీకటైపోయింది. తర్వాత వాన, అదీ సరిగ్గా పరిశీలకుడి నెత్తిన.

"ఆకాశం నిర్మలమా?" అంది గుమస్తా గొడుగు విప్పుతూ.

"ఆ సాయంత్రం మా బావమరిది భోజనానికి పిలిచాడండీ" అన్నాడు పరిశీలకుడు, నీళ్ళోడుతూ. "పొద్దున్నే సాయంత్రానిది కూడా నింపేసి వెళ్ళాను. ఆ ఒక్క పూటేనండీ!"

"చూశారా చీకటి?" అంది లాండ్రీ ఆవిడ. ఎవరితో అన్నదో చీకట్లో తెలియలేదు.

గడి సగం దాటిందో లేదో, పడమటి గోడవైపు మబ్బు చీలింది. ఫైళ్ళ బీరువా మీద ఎర్రటి ఎండ పడింది. షాపాయన వాచీ వంక చూడనే లేదు.

"ఇదిగో, ఇప్పుడే వచ్చాను నేను."

ఆవిడ ఆ ఎండని చూసింది. తను వెళ్ళిపోయాక వచ్చిన ఎండ అది. ఇన్నేళ్ళూ మోసగాడనుకున్న మనిషి, ఆ వెలుతురులో ఒక్కడే నిలబడి ఉంటాడన్న ఊహకి ఆవిడకి ఏడుపొచ్చింది.

"అయితే చెప్పండి" అంది, నేరుగా ఆయనతోనే. "ఆ రోజు ఏం చెబుదామని వచ్చారు?"

ఆయన నోరు తెరిచాడు. కళ్ళజోడు తీసి తుడిచాడు. పెట్టుకున్నాడు. మళ్ళీ తీశాడు. ఇరవై ఆరేళ్ళుగా కంఠతా పట్టిన మాటలు ఒక్కటీ రాలేదు. ఎండ బీరువా మీంచి నేల మీదికి, నేల మీంచి గుమ్మంలోకి జారింది. పరిశీలకుడు తువ్వాలు నెత్తిన వేసుకుని "చెప్పండి సార్, నిమిషమే ఉంది" అని గొణిగాడు. అంతలో ఆ వెలుగు కాస్తా ఆరిపోయింది.

"అయిపోయింది" అన్నాడాయన, తప్పు చేసినవాడిలా.

"సూర్యుడు పోతే పోయాడు" అంది ఆవిడ. "నేనెక్కడికీ పోలేదుగా? చెప్పండి."

"వెళ్ళకండి" అన్నాడాయన.

ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుని గుమస్తా వైపు తిరిగింది. "మీ ఆఫీసు ఫోను పనిచేస్తుందా అమ్మా? లారీవాడికి చెప్పాలి, రావద్దని."