ఎవరి తాళం వాళ్ళే తీయాలి

చనిపోయిన మనిషి మెడలో తాళంచెవి అలాగే ఉంది. దాని తాళం మాత్రం మేనేజరు బల్ల మీద తెరిచి పడి ఉంది. ఇంజనీరమ్మ రెండింటినీ కళ్ళారా చూసింది.

పోయినవాడు లైన్‌మన్. పొడగరి కాబట్టి అందరూ నిచ్చెన అనేవారు. ఆ పొద్దున చివరి స్తంభం మీద వైరు బిగించడానికి ఎక్కేముందు మెయిన్ స్విచ్‌కి తన తాళం వేసుకునే ఎక్కాడు. ఆ పద్ధతి నేర్పింది ఆవిడే. లైను మీద పదిమంది ఉంటే స్విచ్‌కి పది తాళాలు వేలాడాలి. ఎవరి తాళం వాళ్ళే తీయాలి. ఆఖరి తాళం ఊడేదాకా కరెంటు రాకూడదు. పదేళ్ళ క్రితం, మూతపడ్డ క్వారీ కూలీలను పోగేసి ఎండ నుంచి కరెంటు తీసే కంపెనీ పెట్టినప్పుడు ఆవిడ చెప్పిన మొదటి పాఠం అది.

కంపెనీ పెరిగింది. సగం వాటాతో కాంట్రాక్టరు వచ్చాడు, అతని వెంట మేనేజరు వచ్చాడు. "ఎవడైనా తాళం వేసి మరిచిపోయి ఇంటికెళితే పనంతా ఆగిపోదా మేడమ్? డూప్లికేట్ తాళంచెవులు నా దగ్గరుంచండి" అన్నాడు. నిజమే కదా అని గుత్తి చేతిలో పెట్టింది. కంచే చేను మేస్తుందని అంత చదివిన మనిషికీ తోచలేదు. ఆ పొద్దున కొత్త లైను ప్రారంభోత్సవానికి మంత్రి కారు దిగాడు, దీపాలు వెలగాలి. మేనేజరు నిచ్చెన తాళం తీసి స్విచ్ వేశాడు.

మెడలోని తాళంచెవిని భార్య తీయనివ్వలేదు. దాంతోనే మట్టి చేశారు. తిరిగొచ్చేసరికి కాంట్రాక్టరు పంపిన కాగితం సిద్ధంగా ఉంది. లైన్‌మన్ తాళం వేయకుండా ఎక్కాడు, తప్పు అతనిదే అని రాసి, కింద ఇంజనీరు సంతకానికి చోటు వదిలారు. సంతకం పడకపోతే కంపెనీ మూసేస్తాడు. నలభై మంది మళ్ళీ రోడ్డున పడతారు.

ఆ మధ్యాహ్నమే ప్యానెళ్ళ షెడ్డులో అందరూ కూడారు. ఆవిడ కాగితం చదివి వినిపించింది.

"పెట్టెయ్యండమ్మా" అన్నాడు వెల్డరు. "పోయినవాడు ఎలాగూ రాడు. ఉన్నవాళ్ళం బతకాలిగా."

"నీ నోట్లో మన్ను పడ" అంది ప్యానెళ్ళు కడిగే ముసలమ్మ. "రేపు స్తంభం మీద నువ్వుంటే?"

"అసలు తాళం ఎట్లా వచ్చింది?" అన్నాడు ముసలి ఫిట్టరు. "చెవి వాడి మెడలో ఉండె. తాళం పగలనూ లేదు."

సంతకం పెడితే ఆ ప్రశ్నకు ఈ జన్మలో జవాబు చెప్పక్కర్లేదు. ఆవిడ కాగితాన్ని మడిచింది, విప్పింది, చింపేసింది.

"డూప్లికేట్లు నేనే ఇచ్చాను. మీ అందరి తాళాలవీ. మూణ్ణెల్లయింది."

నిచ్చెన భార్య కూడా ప్యానెళ్ళు కడిగే మనిషే. పదేళ్ళుగా ఆవిణ్ణి అక్కా అనే పిలిచింది.

"పోయిన నెల మా ఇంట్లో కూర్చుని భోంచేశారు మేడమ్" అంది మెల్లగా. "అప్పుడైనా ఒక్క మాట చెప్పుంటే ఆయన ఎక్కేవాడు కాదు."

ఆ 'మేడమ్'తో ఆవిడ గుండె పగిలింది. పగలాల్సిందే. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, లేచి మేనేజరు గదికి వెళ్ళి ఆ గుత్తినీ, నిచ్చెన తాళాన్నీ తెచ్చింది. ఫిట్టరు గుత్తిని రంపంతో ముక్కలు కోశాడు. తాళాన్ని నిచ్చెన భార్య తీసుకుంది.

మర్నాడు తెల్లారేసరికి కంపెనీ నుంచి కాంట్రాక్టరు సొంత రాతిమిల్లుకు కరెంటు పోయే మెయిన్ స్విచ్ దించి ఉంది. దానికి గొలుసు చుట్టి, గొలుసు నిండా తాళాలు వేశారు. ఇంటి తలుపులవీ, ట్రంకు పెట్టెలవీ, సైకిళ్ళవీ. అన్నిటికంటే ముందు నిచ్చెనది. నలభై మంది చుట్టూ కూర్చున్నారు. ఇంజనీరమ్మ తన తాళం గుప్పిట్లో పెట్టుకుని వెనక నిలబడింది. వేసే ధైర్యం చాలలేదు.

పోలీసు ఇనస్పెక్టరు గొలుసు తెంచే కట్టరుతో వచ్చాడు. మొదటి తాళం చూపించి, "ఎవరిదిది?" అన్నాడు.

"మా ఆయనది."

"చెవి ఎక్కడ?"

"ఆయన దగ్గరే ఉంది సార్" అంది నిచ్చెన భార్య. "ఎవరి తాళం వాళ్ళే తీయాలి. పోయి పిలుచుకురండి."

ఇనస్పెక్టరు కళ్ళు దించుకున్నాడు. ఇంజనీరమ్మ ముందుకొచ్చింది. "డూప్లికేట్లు ఇచ్చింది నేను. వాటితో తాళం తీసింది మేనేజరు. రాసుకోండి."

అతను మొదటి సగమే రాసుకుని, ఆవిణ్ణి వ్యానెక్కించాడు.

నిచ్చెన భార్య లేచి వ్యాను కిటికీ దగ్గరికొచ్చి చెయ్యి చాపింది. ఇంజనీరమ్మ తన తాళం ఇచ్చింది, చెవి కూడా ఇవ్వబోయింది. నిచ్చెన భార్య ఆ గుప్పిట మూసేసింది.

"అది నీ దగ్గరే ఉండాలక్కా. బయటికొచ్చి నువ్వే తీయాలి."

తాళం గొలుసుకు వేసి, వెళ్ళి తన చోట కూర్చుంది. వ్యాను కదిలింది. కట్టరు చప్పుడు వస్తుందేమోనని మలుపు తిరిగేదాకా ఇంజనీరమ్మ చెవులు రిక్కించి కూర్చుంది. రాలేదు.