సంపత్ వ్యాన్ తలుపు

సూరత్ శివారు సచిన్ ఊరి దగ్గర టెంపో గుద్ది, మా తమ్ముడి కొడుకు సంపత్ వ్యాన్ పక్కతలుపు సొట్టబోయింది. హజీరా ఫ్యాక్టరీకి మనుషుల్ని తిప్పే బండి అది. బిగుసుకుపోయే తలుపుతో వస్తే గేటు దాటనివ్వనని కాంట్రాక్టరు తేల్చేశాడు. కొత్త తలుపుకు ఇన్సూరెన్సు వాళ్లు డబ్బివ్వాలి. ఇవ్వాలంటే సర్వేయరు రాయాలి.

ఉన్ అనే పేటలో మెకానిక్ ముత్యం షెడ్డుకు సర్వేయరు వచ్చాడు. సూరత్ మనిషి, బొద్దుగా, ముద్దుగా ఉన్నాడు. బయటినుంచి తలుపు లాగాడు. కొత్త కోడలిలా వినయంగా జరిగింది! ఫోటో తీసి, సొట్ట తీస్తే చాలని ఫోన్లోనే రిపోర్టు పంపేశాడు. సంపత్ మొహం వాడిపోయింది.

"లోపల కూసుంటె రాదు సాబ్, జర చూడుండ్రి," అని నేనెక్కి తలుపు వేసుకున్నాను. ఎంత గుంజినా రాలేదు.

"కాకా, నాటకం బంద్ చెయ్," అన్నాడు సర్వేయరు, హిందీలో.

"పెదబాపూ, సాబ్‌కు కోపమొస్తది, దిగు," అన్నాడు సంపత్.

నిజం చెప్పినప్పుడే నన్నెవరూ నమ్మరు. వరదకు మా మగ్గం కొట్టుకుపోయి హజీరా రేవులో తేలిందనీ, తేలేసరికి దానిమీద చీర కొంగుదాకా నేసి ఉందనీ చెప్పినప్పుడు మాత్రం చాయ్ తాగించి మరీ వింటారు. సర్వేయరుకూ పొద్దున ఆ కథ ఎత్తుకుంటే, టైం లేదన్నాడు.

అతను తలుపు బయటినుంచి తెరిచి, నా పక్కనే కూర్చుని, ధడేలున వేశాడు. "ఇప్పుడు చూడు."

చూశాం. లోపలినుంచి రాలేదు. బయటినుంచి సంపత్, ముత్యం కలిసి గుంజినా రాలేదు. అటువైపు గోడ, వెనక ఇంకో బండి, డ్రైవరుకూ మాకూ మధ్య ఇనుప జాలీ. కిటికీ సందులో చెయ్యి మాత్రమే పడుతుంది. పైన రేకులు, ఎండ.

"కోసెయ్ భాయ్!" అన్నాడు సర్వేయరు, చొక్కా గుండీలు విప్పుకుంటూ.

ముత్యం గడ్డం గోక్కున్నాడు. "కోసినంక రిపేరేంది సాబ్? కొత్తదని రాస్తెనే కోస్త."

సర్వేయరు ఆఫీసుకు ఫోన్ చేశాడు. అవతలి గొంతు మాకూ వినబడుతోంది. "తలుపు తెరిచిన ఫోటో నువ్వే పంపావు కదా? మార్చడం కుదరదు."

"సార్, నేను లోపలే ఉన్నా!"

"అయితే తెరుచుకుని బయటికి రా." ఆపైన నవ్వు.

అతను ఫోన్ చెవినుంచి దించాడు. నిజం చెప్పి నమ్మించలేనివాడు నాకింకొకడు తోడు దొరికినట్టయింది. "గిట్లనే ఉంటది సాబ్," అన్నాను.

చెమట తుడుచుకుని, మా ఇద్దరినీ కలిపి ఒక ఫోటో తీసి పంపాడు. కొత్త తలుపు కావాలని రాశాడు. కారణం అన్నచోట కాసేపు ఆగి, "నేను లోపల ఉన్నాను" అని రాశాడు.

చాలాసేపటికి ఫోన్ మోగింది. ఒప్పుకున్నారు. బయట సంపత్ ఎగిరి గంతేశాడు.

"జల్దీ కోసెయ్," అన్నాను.

"కట్టర్ పక్క షాపోడు కోసాడ్ ఊరికి తీస్కపోయిండు బాపూ. రాంగనే కోస్త," అన్నాడు ముత్యం.

సర్వేయరు వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి ఒక కన్ను తెరిచాడు.

"కాకా, ఆ మగ్గం సంగతి... చెప్పు."