ఊరికే తిరిగే సీల

"ఇది నా వల్ల కాదు" అనే మాట దరియావలి నోట మైపాడులో ఎవరూ విన్న పాపాన పోలేదు. తాళమైనా, గొడుగైనా, పెట్రోమాక్స్ దీపమైనా ఆయన ముందు పడేస్తే బాగుపడి వెళ్ళాల్సిందే. లేకపోతే ఆ పూట ఆయనకు అన్నం సహించదు. ఇనుముతో ఈ పంతమేమిటని భార్య ఇమాంబీ సణుగుతూనే ఉంటుంది. అటువంటి మనిషి దగ్గరికి ఒకరోజు పొద్దున్నే కామమ్మ వచ్చి, చెడిపోయిన కత్తిని చెడిపోయినట్టే ఉంచమని అడిగింది.

నెల్లూరు బస్సు వెనక్కి తిరిగే చోట తాటాకు పందిరి కింద ఆయన కొట్టు. కామమ్మ నెత్తిమీది చేపల తట్ట కూడా దించలేదు.

"అన్నా, మా ఇంటాయన కత్తి తెస్తాడు. అది తెరుచుకోదు. నువ్వు తెరవబాకన్నా."

"ఇదేందమ్మా! బాగుచేసేవోడి దగ్గరికొచ్చి బాగుచెయ్యబాక అంటావు?"

"మా చిన్నపోలయ్యన్న మీద పగబట్టుండాడు. వల కోసిన చెయ్యి తీసేస్తానని సముద్రపు నీళ్ళు పట్టి ఒట్టేసినాడు."

వల సంగతి ఊరంతా తెలుసు. తక్కినవాళ్ళు ఇంకా నూలు వలలను కుళ్ళకుండా తుమ్మచెక్క కషాయంలో ముంచుకుంటున్న రోజుల్లో, కామమ్మ మొగుడు మాల్యాద్రి మద్రాసు వెళ్ళి నైలాన్ వల తెచ్చుకున్నాడు. పల్లెలో అదే మొదటిది. ఆరేసిన చోటే దాన్ని ఎవరో నిలువునా కోసిపెట్టారు. చూసినవాళ్ళు లేరు. ముందురోజు బావమరిది చిన్నపోలయ్య ఆ వలను పట్టుకుని ఎకసెక్కమాడాడు, అంతే. మాల్యాద్రికి ఆ మాత్రం చాలింది. పైగా దోసిట్లో సముద్రాన్ని పట్టి చేసిన ఒట్టు తీరేదాకా ఒట్టేసిన మనిషిని ఏ పడవలోనూ ఎక్కించుకోరు. మాల్యాద్రి వేటకు వెళ్ళి చాలా రోజులైంది.

"కత్తిని నేనే పాడుచేసినా" అంది కామమ్మ. "ఆ కత్తి తప్ప ఇంకోటి పట్టడాయన. దాంతోనే తీరుస్తానని ఒట్టులో చెప్పుకున్నాడు. కొన్నాళ్ళు పోతే పెద్దలు ఒట్టు విడిపిస్తారు. అందాకా ఆపన్నా."

దరియావలి సరేనన్నాడు. ఏం చేసి పాడుచేశావని మాత్రం అడగలేదు. ఉప్పునీళ్ళలో నానేసి తుప్పు పట్టించి ఉంటుందిలే అనుకున్నాడు. ముప్పొద్దులా ఇనుముతో బతికే మనిషికి అడగాల్సిన ఆ ఒక్క ప్రశ్నా తోచకపోవడం ఏం ఖర్మో!

మధ్యాహ్నం దాటాక మాల్యాద్రి వచ్చాడు. పలకరింపు లేదు. కత్తి బల్ల మీద పెట్టి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

అది కొమ్ము పిడి ఉన్న మడతకత్తి. అలుగు పిడిలోకి ముడుచుకునే చోట అడ్డంగా ఒక మరసీల. సీల తల ఒకవైపు, దాని నట్టు రెండోవైపు కొమ్ములో దిగి ఉన్నాయి. మాల్యాద్రి అప్పటికే ఇంట్లో బలమంతా పెట్టి తిప్పినట్టున్నాడు. నట్టు కూర్చున్న గుంట అరిగిపోయింది. దరియావలి స్క్రూడ్రైవరు పెట్టి తిప్పాడు. సీల తిరిగింది. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ తిరిగింది. బయటికి మాత్రం నూలుపోగంత కూడా రాలేదు.

"తిరుగుతా ఉండాది గదా, రాదేంది?" అన్నాడు మాల్యాద్రి.

"సీలతో పాటు లోపల నట్టు కూడా తిరుగుతోందబ్బయా. దాన్ని పట్టుకునే సందు లేదు. మర పోయింది. ఇంక దీన్ని వదిలెయ్."

అబద్ధం. సీల తల కింద సన్నని ఉలి దూర్చి పైకెత్తిపట్టుకుంటే నట్టు కొమ్ముకు బిగుసుకుంటుంది, సీల దానంతటదే మర విప్పుకుంటుంది. ఆ కిటుకు దరియావలి వేళ్ళకు నిద్రలో కూడా తెలుసు. తెలిసీ తెలియనట్టు కూర్చోవడం ఆయనకు ఒంటిమీద జెర్రి పాకినట్టుంది.

మాల్యాద్రి ఆయన మొహంలోకే చూస్తున్నాడు.

"నీ నోట ఈ మాట ఎప్పుడూ వినలేదన్నా. ఎవురైనా ముందే వచ్చి నీ చెవిలో ఊదిపోయినారా?"

దరియావలి కుంపటి వైపు తిరిగాడు. తన సంగతి సరే, కామమ్మ పేరు బయటపడకూడదు. అనుమానం తీర్చాలంటే ఏదో ఒకటి చేస్తున్నట్టు కనబడాలి. పైపైన తగిలించే వేడికి లోపలి తుప్పు ఊడదు కదా అని ధైర్యం చెప్పుకుని, కుంపట్లో ఇనుపచువ్వ ఎర్రగా కాల్చి సీల తల మీద ఆనించాడు.

సన్నగా పొగ లేచింది. పొగతో పాటు వాసన.

దరియావలి చువ్వ లాగేశాడు గానీ అప్పటికే ఆలస్యమైంది. తుప్పు వాసన కాదది. గుగ్గిలం. పడవ పలకల సందుల్లో నీళ్ళు దిగకుండా నూనెలో కాచి పోసే గుగ్గిలం. చల్లారితే రాయి, కాగితే నీళ్ళు. ఆ వాసన పుట్టినప్పటినుంచీ ఎరగనివాడు ఆ పల్లెలో లేడు.

మాల్యాద్రి మెల్లగా అన్నాడు. అరిచి ఉంటే బాగుండేది.

"పడవకు గుగ్గిలం కాచింది మా ఇంటిది. రాత్రి నా మొలలో కత్తి తీసి గూట్లో పెట్టేదీ అదే."

"పడవలో తిరిగే కత్తికి గుగ్గిలం అంటదా ఏంది? ఆడమనిషిని అనుమానించబాక" అన్నాడు దరియావలి.

"సీల తియ్యన్నా."

ఇంక తప్పించుకునే దారి లేదు. దరియావలి ఉలి అందుకున్నాడు. తల కింద దూర్చి ఎత్తిపట్టాడు. నట్టు బిగిసింది. కరిగిన గుగ్గిలం నల్లగా కారుతుంటే సీల మెల్లగా పైకి రాసాగింది. అప్పుడు తట్టిందాయనకు. పటకారుతో పట్టి ఒక్క మెలి పెట్టాడు. టప్పున సీల తెగిపోయింది. చేజేతులా ఒక వస్తువును విరగ్గొట్టడం ఆయన జన్మలో అదే మొదలు. అయినా ఎంత హాయిగా ఉందో!

"తెగింది. ఇంక ఇది కత్తి కాదబ్బయా. నెల్లూరులో ఇట్టాంటి సీల వెతికి తెస్తా, అందాకా ఓపిక పట్టు."

కొమ్ము పిడి రెండు చెక్కలుగా విడిపోయింది. మధ్యలోంచి అలుగు జారి బల్ల మీద పడింది.

మాల్యాద్రి దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. భుజం మీది తువ్వాలు తీసి, మొండి కొసకు పిడిలా నిదానంగా చుట్టాడు. బిగుతుగా ముడేశాడు. పదును బయటికి కనబడకుండా మిగిలిన గుడ్డ కప్పాడు.

"పిడి నువ్వే ఉంచుకో" అని లేచాడు.

దరియావలి బల్ల మీది పిడి చెక్కల వంక చూశాడు. పిడిలో ఇరుక్కున్న అలుగు ఎవరినీ ఏమీ చెయ్యలేకపోయేది. దాన్ని విడిపించి చేతికిచ్చింది తనే.

కొట్టు ముందు దారి రెండుగా చీలుతుంది. కుడివైపు చిన్నపోలయ్య ఇల్లు. అటు తిరిగితే అరిచి నలుగురినీ పోగుచెయ్యొచ్చు అనుకుంటూ దరియావలి బయటికొచ్చాడు. మాల్యాద్రి అటు చూడను కూడా చూడలేదు. ఎడమవైపు, తన ఇంటి దారి పట్టాడు.

దరియావలి పరుగెత్తాడు. కూర్చుని కూర్చుని కాళ్ళు తిమ్మిరెక్కి ఇసుకలో దిగబడుతున్నాయి. "కామమ్మా! లోపలికి పోమ్మా, తలుపేసుకో!" అని గొంతు చించుకున్నాడు. సముద్రపు గాలి ఎదురు కొట్టి ఆ కేకను వెనక్కి ఈడ్చుకుపోయింది. చేతులు రెండూ ఎత్తి ఊపాడు.

వరసలో చివరి గుడిసె ముందు కామమ్మ చేపలు తోముతోంది. వస్తున్న మొగుణ్ణి చూసింది. అతని చేతిలో తువ్వాలు తప్ప కత్తి కనబడలేదు. వెనకాల దూరంగా చేతులు ఊపుతూ వస్తున్న దరియావలిని చూసింది. అడిగిన పని చేసిపెట్టానని చెబుతున్నాడనుకుంది.

లేచి నిలబడి, నవ్వుతూ, తడి చేతులతోనే ఆయనకు దండం పెట్టింది.